ఐస్‌లాండ్ వాళ్లు కామా పెట్టరు

సిద్ధాంత వ్యాసం ఏది చేతికొచ్చినా ముందు చివరి పేజీలు తిప్పడం నాకలవాటు. ఆ పరిశోధకురాలు ఏం చదివిందో, ఎంత శ్రద్ధగా చదివిందో ఉపయుక్త గ్రంథసూచి దాచకుండా చెప్పేస్తుంది. మొన్నొక విద్యార్థిని తెచ్చిన వ్యాసం కూడా అలాగే వెనకనుంచి మొదలుపెట్టాను. ‘అ’ దగ్గర ‘అప్పారావు, గురజాడ’ కనిపించాడు. ‘స’ దగ్గర ‘సత్యనారాయణ, విశ్వనాథ’. శ్రీశ్రీ కోసం ‘శ’ అంతా వెతికాను, లేడు. మహాప్రస్థానం మీద ఒక అధ్యాయమంతా రాసిన అమ్మాయి సూచిలో ఆ పుస్తకం లేకపోవడమేమిటని మళ్లీ మొదటినుంచి చూస్తే ‘ర’ దగ్గర దొరికాడు: ‘రావు, శ్రీరంగం శ్రీనివాస. 1950.’ ఆయనతోపాటు ఇంకా పదిమందికి పైగా రావులు అక్కడ వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ల కిందనే ‘రెడ్డి, సురవరం ప్రతాప’.

ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిన మనిషిని ‘రెడ్డి’ అనే మాట కింద ఎవరు వెతుకుతారు? అదే అడిగాను. “మెథడాలజీ క్లాసులో చివరి పేరు ముందు రాసి, కామా పెట్టి, తర్వాత మిగతాది రాయమన్నారు మేడమ్. అన్ని పేర్లకీ అలాగే చేశాను” అంది. అబద్ధం కాదు. చెప్పింది చెప్పినట్టు, ఒక్కటి కూడా తప్పిపోకుండా చేసింది. తప్పు ఆమెది కాదు. ఆ నియమం ఎవరి పేర్లను చూసి పుట్టిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పాఠం మధ్యలో కుండలీకరణంలో రచయిత పేరు, సంవత్సరం ఇచ్చే పద్ధతిని హార్వర్డ్ జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ మార్క్ 1881లో ఒక నత్తజాతి జీవి గుడ్ల గురించి రాసిన వ్యాసంలో వాడాడు. దానికి హార్వర్డ్ పద్ధతి అన్న పేరు అక్కడినుంచే వచ్చిందంటారు. మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు ఎక్కువగా వినిపించే ఏపీఏ పద్ధతి 1929లో ఒక మనస్తత్వశాస్త్ర పత్రికలో ఏడు పేజీల వ్యాసంగా మొదలైంది. ఇవన్నీ ఇంటిపేరు చివర వచ్చేవాళ్లు తమ కోసం చేసుకున్న ఏర్పాట్లు. వాళ్ల సమాజంలో మనిషిని వెతికేది ఇంటిపేరుతో. అది చివర ఉంటుంది కాబట్టి ముందుకు తేవాలి. తెచ్చామని చదువరికి తెలియాలి కాబట్టి ఒక కామా. అంటే కామా ఒక గుర్తు: ‘ఇక్కడ పేరు తిప్పాం, మళ్లీ తిప్పి చదువుకోండి’ అని.

మన పేరులో ఇంటిపేరు ముందే ఉంది. ముందే ఉన్నదాన్ని ముందుకు తేవడానికని తిప్పితే అది వెనక్కి పోతుంది. నియమం ఏ పని కోసం పుట్టిందో సరిగ్గా ఆ పనే చెడిపోతుంది.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చిందనుకోనక్కర్లేదు. ఐస్‌లాండ్‌కు ఇంకా పెద్ద చిక్కు వచ్చింది. నాలుగు లక్షల లోపు జనాభా, మన గుంటూరు ఊరంత కూడా లేని దేశం. అక్కడ చాలామందికి ఇంటిపేరే లేదు. పేరు పక్కన ఉండేది తండ్రి పేరు, ఒక్కోసారి తల్లి పేరు, దానికి ‘సన్’ అనో ‘దోత్తిర్’ అనో తోక. కొడుకు, కూతురు అని అర్థం. 1980లో ఆ దేశం అధ్యక్షురాలిగా విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్‌ను ఎన్నుకుంది. ప్రజల ఓటుతో దేశాధ్యక్షురాలైన మొదటి మహిళ ప్రపంచంలో ఆమే. పదహారేళ్లు ఆ పదవిలో ఉంది. ‘ఫిన్‌బోగదోత్తిర్’ అంటే ఫిన్‌బోగి కూతురు, అంతే. దాన్ని ఇంటిపేరనుకుని ‘ఫిన్‌బోగదోత్తిర్, వి.’ అని రాస్తే ఆమె పేరు ఒక అక్షరానికి కుదించుకుపోయి, వాళ్ల నాన్న పేరు మిగులుతుంది. ఆమె సోదరుడికైతే అక్కడ ‘సన్’ వస్తుంది. ఒక ఇంట్లో పుట్టిన అన్నాచెల్లెళ్లకే చివరి మాట ఒకటి కాదన్నమాట. అందుకని ఆ దేశంలో అధ్యక్షురాలినైనా, బడిలో టీచరునైనా సొంత పేరుతోనే పిలుస్తారు. వాళ్ల టెలిఫోన్ డైరెక్టరీ కూడా సొంత పేర్ల అక్షరక్రమంలోనే ఉండేది. ఒకే పేరున్నవాళ్లు పదుల్లో ఉంటారు కనుక పక్కన వృత్తి కూడా అచ్చు వేసేవారు.

అందువల్ల ఐస్‌లాండ్ విద్యార్థి తన భాషలో పరిశోధన పత్రం రాస్తే ఆధారాల జాబితాలో తన దేశపు రచయితను సొంత పేరుతో మొదలుపెడతాడు. పేరు మొత్తం రాస్తాడు. కామా పెట్టడు, ఎందుకంటే ఏదీ తిప్పలేదు. అదే జాబితాలో షేక్‌స్పియర్ వస్తే ‘షేక్‌స్పియర్, విలియం’ అని కామాతో రాస్తాడు, ఎందుకంటే ఆ పేరు తిప్పాడు. రెండు రకాల పేర్లూ ఒకే అక్షరక్రమంలో కలిసిపోయి ఉంటాయి. ఎవరి పేరు వాళ్ల పద్ధతిలో.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఆ నియమంలోని పట్టుదల. ఐస్‌లాండ్‌లో కొద్దిమందికి కుటుంబనామాలు కూడా ఉన్నాయి. 1913లో చట్టం వాటికి దారి ఇచ్చింది, 1925లో మరో చట్టం కొత్తవి పెట్టుకోవడాన్ని ఆపేసింది. అలా మిగిలిన నోర్దల్ అనే కుటుంబనామం గల సాహిత్య పండితుడు సిగుర్దుర్ నోర్దల్. ఐస్‌లాండ్ సంస్కృతి మీద ఆయన 1942లో వేసిన పుస్తకం పేరు చెప్పాల్సి వస్తే, కుటుంబనామం ఉంది కదా అని ‘నోర్దల్’ కింద వేయరు. ‘సిగుర్దుర్ నోర్దల్’ అని ఎస్ అక్షరం కిందే వేస్తారు. పాఠం మధ్యలోనూ (సిగుర్దుర్ నోర్దల్, 1942) అని పేరు మొత్తం ఇస్తారు. 1955లో నోబెల్ అందుకున్న నవలాకారుడు హాల్దోర్ లాక్స్‌నెస్ సంగతీ అంతే. పుట్టినప్పటి పేరు హాల్దోర్ గుద్యోన్సన్. తను పెరిగిన పొలం పేరును ‘లాక్స్‌నెస్’ అని పెట్టుకున్నాడు. లండన్‌లో అచ్చయిన జాబితాలో ఆయన ఎల్ దగ్గర ఉంటాడు, రేక్యవిక్‌లో అచ్చయినదాంట్లో హెచ్ దగ్గర. ఒకే మనిషి, రెండు చోట్లు. ఏ చోట ఎవరు వెతుకుతారో దాన్నిబట్టి.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఐస్‌లాండ్ శాస్త్రవేత్త ఇంగ్లీషు పత్రికలో వ్యాసం వేసుకుంటే అక్కడ తండ్రి పేరే చివరిపేరుగా చలామణీ అవుతుంది. అది వాళ్లూ ఒప్పుకున్న రాజీయే. రాజీ పడనిది తమ భాషలో మాత్రం. కానీ ఆ ఒక్కచోట గట్టిగా నిలబడ్డందుకు బయటివాళ్లు కూడా కొంత దారికొచ్చారు. 1978లో వచ్చిన ఆంగ్లో-అమెరికన్ గ్రంథసూచీకరణ నియమావళి రెండో కూర్పులో ఐస్‌లాండ్ పేర్లకు విడిగా నియమం ఉంది: సొంత పేరు కిందే చేర్చాలి అని. నాలుగు లక్షలమంది లేని భాషకు! 2011 జనగణన లెక్కలో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు ఎనిమిది కోట్ల పైచిలుకు. మన పేర్ల గురించి ఇంత తేటగా ఒక మాట అంతగా బయటికి వెళ్లలేదు. అమెరికా ప్రచురణకర్తలు ప్రమాణంగా చూసే షికాగో మాన్యువల్ భారతీయుల పేర్ల దగ్గర ఆ వ్యక్తి ఇష్టాన్ని, వాడుకను చూసుకోండి అన్న సలహా ఇస్తుంది. ఆ సలహాలో తప్పేం లేదు. వాడుక ఇది అని చెప్పవలసింది మనం. మన సిద్ధాంత వ్యాసాలే ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అని చెబుతుంటే బయటివాడికి ఏం తెలుస్తుంది?

పేర్లు తిరగబడితే ఏమవుతుందో ఇద్దరు తెలుగువాళ్ల ఉదాహరణతో మా విద్యార్థినికి చూపించాను. మొదటిది 1925 నాటి వ్యాసం. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు రాసింది, భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి గురించి. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో అచ్చయింది. జీవరసాయన శాస్త్రంలో ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని నేటికీ పిలుస్తారు. దాన్ని ఆధారంగా చూపించేటప్పుడు ‘ఫిస్క్, సి. హెచ్., సుబ్బారావు, వై.’ అని రాస్తారు. ఇంటిపేరు ఒక్క అక్షరమైపోయింది, నిజమే. అయితే ఆయన సుబ్బారావు అనే మాటను ఇంగ్లీషులో విడగొట్టలేదు, కలిపే రాసుకున్నాడు. ‘సుబ్బా’ వేరు, ‘రావు’ వేరు అని రాసి ఉంటే ‘రావు, వై. ఎస్.’ అయిపోయి ప్రపంచంలోని వేలాది రావుల్లో కలిసిపోయేవాడు. ఒక్క ఖాళీ పెట్టకపోవడం ఆయన్ని కాపాడింది.

రెండోది గణాంక శాస్త్రజ్ఞుడు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో వేసిన ఆయన వ్యాసం లోకమంతటా ‘రావు, సి. ఆర్.’ అనే ఉంటుంది. క్రామెర్–రావు అనే హద్దు, రావు–బ్లాక్‌వెల్ అనే సిద్ధాంతం అలా పుట్టిన పేర్లే. ఆయన ఆ పేరును తనదిగా చేసుకున్నాడు, ఇప్పుడు దాన్ని మార్చడానికి మనమెవరం? ఇంగ్లీషు జాబితాలో ఆయన్ని ‘కల్యంపూడి’ కింద వేస్తే ఎవరికీ దొరకడు. ఆ మాటే ఐస్‌లాండ్ వాళ్లూ చెబుతున్నది: వెతికేవాడి చెయ్యి ముందు ఎక్కడికి వెళుతుందో అక్కడ పేరు ఉండాలి.

ఆ ఒక్క ప్రశ్న పట్టుకుంటే తెలుగు జాబితాలో సగం చిక్కులు వాటంతట అవే విడిపోతాయి. తెలుగు చదువరి గురజాడను ‘గ’ దగ్గర, సురవరాన్ని ‘స’ దగ్గర, కాళోజీని ‘క’ దగ్గర వెతుకుతాడు. కాబట్టి పుస్తకం మీద ఎలా ఉందో అలాగే, ఇంటిపేరుతో మొదలుపెట్టి, కామా లేకుండా: ‘సురవరం ప్రతాపరెడ్డి. 1949.’ శ్రీశ్రీని, చలాన్ని, ఆరుద్రను, ఓల్గాను కలం పేరుతోనే వెతుకుతాడు. కాబట్టి వాళ్లు ఆ పేర్లతోనే. అనుమానం ఉన్నచోట ఒక చూపు అదనంగా పెట్టవచ్చు, ‘భాగవతుల సదాశివశంకరశాస్త్రి: ఆరుద్ర చూడండి’ అని. దీనికి ఒక్క పంక్తి ఖర్చు. రంగనాయకమ్మ సొంత పేరుతోనే ప్రసిద్ధి, ఆమెను ఐస్‌లాండ్ వాళ్లలాగే సొంత పేరు కిందే వేయాలి. పాఠం మధ్యలో కూడా పేరు మొత్తం ఇస్తే మంచిది. (రెడ్డి, 1949) అని రాస్తే ఏ రెడ్డి? (సురవరం ప్రతాపరెడ్డి, 1949) అంటే ఇంకెవరూ కారు. స్థలం ఎక్కువ పడుతుందంటారు. పడనివ్వండి.

పరాయి పేర్లకు వాళ్ల పద్ధతి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, 1852, తెలుగు జాబితాలోకి వచ్చినప్పుడు ‘బ్రౌన్, చార్లెస్ ఫిలిప్’ అని కామాతో రావాలి. ఇక్కడా జాగ్రత్త ఉంది. అందరు విదేశీయులూ ఇంగ్లీషువాళ్లు కారు. మన విద్యార్థులు బాగా చదివే గార్సియా మార్కెజ్‌ను ‘మార్కెజ్, జి. జి.’ అని రాసిన జాబితాలు చాలా చూశాను. స్పానిష్‌లో తండ్రి వైపు ఇంటిపేరు, తల్లి వైపు ఇంటిపేరు రెండూ వస్తాయి, మొదటిదే లెక్క. ఆయన ‘గ’ దగ్గర ఉండాలి. హంగరీవాళ్లకు, చైనావాళ్లకు మనలాగే ఇంటిపేరు ముందు. జపాన్ ప్రభుత్వం 2020 జనవరినుంచి తన అధికార పత్రాల్లో రోమన్ లిపిలో కూడా ఇంటిపేరే ముందు రాయాలని నిర్ణయించుకుంది. ఇన్నాళ్లూ పాశ్చాత్యుల కోసం తిప్పి రాసుకున్న పేర్లను వెనక్కి తిప్పుకున్నారు.

ఇంగ్లీషులో రాసే పత్రం సంగతి వేరు. అక్కడ రచయిత తన సంతకం ఎలా పెట్టాడో అదే దిక్కు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రవిడ భాషల మీద 2003లో కేంబ్రిడ్జ్ నుంచి వచ్చిన గ్రంథానికి తన పేరును భద్రిరాజు కృష్ణమూర్తి అనే వేసుకున్నారు. ఆధారాల జాబితాల్లో ‘కృష్ణమూర్తి, బిహెచ్.’ అని వస్తారు. ఆ రెండక్షరాల ‘బిహెచ్’ను చూస్తే నాకు ముచ్చట. ఒక్క అక్షరమే అయితే బ, భ తేడా పోయేది. ఇంటిపేరు మొదటి ధ్వని నిలిచేలా రెండక్షరాలు వాడుకున్నారు. తెలుగులో రాసేటప్పుడు అదే మనిషి ‘భద్రిరాజు కృష్ణమూర్తి’, ‘భ’ దగ్గర, కామా లేకుండా. లాక్స్‌నెస్‌లాగే రెండు చోట్లు. వెల్చేరు నారాయణరావు గారి పుస్తకాలైతే ఇంగ్లీషు జాబితాల్లో కొన్నిచోట్ల ‘నారాయణరావు’ కింద, కొన్నిచోట్ల ‘రావు’ కింద కనిపిస్తాయి. ఒక వ్యాసంలో ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడాలి. ఒకే జాబితాలో ఆయన రెండుచోట్ల ఉంటే ఇద్దరు మనుషులనుకుంటారు.

సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు మేడమ్ అంది మా విద్యార్థిని. ఒప్పుకుంటుంది. ఆధారాల జాబితా తయారుచేసే జొటెరోలో రచయిత పేరుకు రెండు గడులు కనిపిస్తాయి కదా, చివరి పేరుకొకటి, మొదటి పేరుకొకటి. పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే ఆ రెండూ కలిసి ఒక్క గడి అవుతుంది. అందులో ‘విశ్వనాథ సత్యనారాయణ’ అని రాస్తే అది తిప్పదు, కామా పెట్టదు. సంస్థల పేర్ల కోసం పెట్టిన ఏర్పాటది, తెలుగు అకాడమి లాంటివాటికి. మన పేర్లకూ పనికొస్తుంది. పక్కనే కూర్చుని మూడు పేర్లు మార్చాక నాలుగోది ఆమే మార్చేసింది.

అక్షరక్రమం దగ్గర మాత్రం యంత్రాన్ని పూర్తిగా నమ్మొద్దు. ఐస్‌లాండ్ వర్ణమాలలో దీర్ఘం గుర్తున్న ‘ఎ’ మామూలు ‘ఎ’ తర్వాత వచ్చే వేరే అక్షరం, చివర్లో ఇంగ్లీషులో లేని మరికొన్ని అక్షరాలు. వాళ్లు తమ క్రమాన్నే పాటిస్తారు. మన ఓనమాల పుస్తకంలో ‘క్ష’ చివర ఉంటుంది, నిఘంటువులో ‘క’లో ఉంటుంది. ‘ఱ’ ఓనమాల్లో చివర, కంప్యూటర్ సంకేతాల వరసలో ‘ర’ పక్కన. సూచిలో నిఘంటువు క్రమం మేలు.

ఐస్‌లాండ్ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకోవడం మన వల్ల కాదు. వాళ్లకు చాలావరకు ఒకే రకం పేర్లు, మనకు ఎన్నో. ఇంటిపేరే వాడని కుటుంబాలు మనలో ఉన్నాయి. తెలుగులో రాసే ముస్లిం రచయితల పేర్ల తీరు వేరు. అమెరికా వెళ్లిన పిల్లల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు చివరికి చేరి, అక్కడే వ్యాసాల మీద కూడా చేరుతోంది. వాళ్లను మళ్లీ తిప్పి వెనక్కి తేకూడదు, వాళ్లు రాసుకున్నట్టే ఉంచాలి. ఒక విషయంలో మాత్రం ఐస్‌లాండ్ ఆడవాళ్లను చూస్తే నిజంగా అసూయ కలుగుతుంది. పెళ్లయినా ఫలానావారి కూతురు ఫలానావారి కూతురే కదా, పేరు మారదు. ఇరవై ఐదేళ్లకు వేసిన మొదటి వ్యాసం, అరవై ఏళ్లకు వేసిన చివరి వ్యాసం ఒకే పేరు కింద ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మన దగ్గర పెళ్లితో ఇంటిపేరు మారి, ఒకే స్త్రీ పరిశోధన రెండక్షరాల కింద రెండు ముక్కలై పడి ఉండటం నేను చాలాసార్లు చూశాను. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే పదహారంకెల గుర్తింపు సంఖ్య అందుకే వచ్చింది. పేరు మారినా సంఖ్య మారదు, ఖర్చు లేదు.

వారం తర్వాత ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. కొత్త సూచిలో ‘బ్రౌన్, చార్లెస్ ఫిలిప్’ కింద ‘భద్రిరాజు కృష్ణమూర్తి’ ఉన్నారు, పైనున్నాయనకు కామా, కిందున్నాయనకు లేదు. రావుల గుంపు చెదిరి ఎవరి అక్షరం దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు. శ్రీశ్రీ ‘శ’లోకి వచ్చాడు. గురజాడ కన్యాశుల్కానికి 1909 అని రాసి, పక్కన ‘రెండో కూర్పు’ అని కూడా చేర్చింది. 1897 నాటి మొదటిదానికీ దీనికీ ఎంత తేడా ఉందో తెలిసే చేర్చింది.

లేవబోతూ అడిగింది: “మేడమ్, నా మొదటి వ్యాసం ఇంగ్లీషు పత్రికకు పంపుతున్నాను. వచ్చే నెల నా పెళ్లి. పేరు ఎలా రాయమంటారు?”

అది నేను చెప్పేది కాదన్నాను. కాగితం మీద రెండు మూడు రకాలుగా రాసి చూసుకుంది. పుట్టింటి పేరు పూర్తి అక్షరాలతో, తన పేరులోని రెండు మాటలూ ఖాళీ లేకుండా కలిపి రాసినదాని కింద గీత గీసింది. నా బల్ల దగ్గరే ఫోన్ తీసి ఆర్కిడ్‌లో ఆ పేరు నమోదు చేసుకుని, వచ్చిన పదహారంకెలనూ అదే కాగితం మీద రాసుకుని సంచిలో పెట్టుకుంది.